మూడో తరం బ్యాండు

నేను దరఖాస్తులు నింపి పెట్టేవాణ్ణి. జిల్లా ఆఫీసుల ఆవరణలో, జిరాక్సు షాపు పక్కన, నాకో బల్ల, రెండు కుర్చీలు, ఒక పెద్ద గొడుగు ఉన్నాయి. జనానికి ఏం కావాలో ఆఫీసులకు అర్థమయ్యే భాషలో రాసిపెట్టడం ఇరవై ఆరేళ్లుగా నా వృత్తి. ఆఫీసులు ఏం చెబుతున్నాయో జనానికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం నా పని కాదు. అది ఎవరి పనో ఇప్పటిదాకా తేలలేదు.

నేను ఆఫీసులను ఎగతాళి చేసే మనిషిని కాను. వాటి నీడన బతుకుతున్నవాణ్ణి. కాబట్టి ఇందులో ఎక్కడైనా మీకు వింతగా తోస్తే అది మీ అవగాహన లోపమని సర్దుకుపోవాలి. అసలు ఈ గొడవంతా అవగాహన గురించే.

ఉన్న నంబరు పోకుండా ఒక నెట్‌వర్కు నుంచి ఇంకో నెట్‌వర్కుకు మారే వసతి మన దగ్గర చాలాకాలంగా ఉంది. జనం దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకున్నారు. బావమరిది చెప్పాడని ఒకడు మారాడు. టీవీలో ప్రకటన బాగుందని ఇంకొకడు మారాడు. తీరా మారాక, తన ఫోను ఏ బ్యాండ్ల మీద, అంటే గాలిలో ఏ తరంగాల మీద, పనిచేస్తుందో కొత్త నెట్‌వర్కు ఆ బ్యాండ్లు వాడటం లేదని ఒకడికి తెలిసింది. తన ఫోను మూడో తరానిదనీ, అక్కడ నాలుగు, అయిదు తరాలే నడుస్తున్నాయనీ ఇంకొకడికి తెలిసింది. ఇద్దరూ లబోదిబోమన్నారు. ఆ లబోదిబో పైదాకా వెళ్లింది. పైవాళ్లు ఏడాదిపాటు ఆలోచించి, లోపం టవర్లలో లేదు, జనంలో ఉందని కనిపెట్టారు. వెంటనే చందాదారుల అవగాహన నియమావళి వచ్చిపడింది.

దాని సారాంశం చిన్నదే. నెట్‌వర్కు మారదలచినవాడికి తాను వదిలిపెడుతున్న నెట్‌వర్కు టెక్నాలజీ బాగా అర్థమై ఉండాలి. అర్థమైందో లేదో తేల్చడానికి మూడు ప్రశ్నల మౌఖిక పరీక్ష పెడతారు. పరీక్ష పెట్టేది ఎవరంటే, ఏ నెట్‌వర్కును వదిలి వెళ్తున్నారో ఆ నెట్‌వర్కే. దాని సంగతి దానికంటే బాగా ఎవరికి తెలుస్తుంది కనుక? పరీక్ష తప్పినవాడు ముప్పై రోజులదాకా మళ్లీ ముఖం చూపించకూడదు.

మా జిల్లాలో ఎనిమిది నెలల్లో పదకొండు వందల నలభై మంది పరీక్షకు కూర్చున్నారు. ముగ్గురు పాసయ్యారు. ఒకాయన ఫిజిక్సు లెక్చరరు. రెండో ఆయన ఆ నెట్‌వర్కులోనే ఇంజనీరు. మూడో ఆయన ఫ్యాను బాగు చేయడానికి వచ్చి, కుర్చీ ఎక్కి దిగుతూ అడిగినవాటికి జవాబులు చెప్పాడు. నెట్‌వర్కు మారే ఉద్దేశం ఆయనకు లేదు. అయినా మార్చారు.

రెండో అంతస్తులో ఉన్న ఈ అవగాహన కేంద్రానికి అధికారి పరబ్రహ్మం గారు. పద్ధతి గల మనిషి. ఆయన ఏ పనీ స్వయంగా చేయరు, అన్నీ ఆయన చేత చేయబడతాయి. ఫైలు పరిశీలించబడుతుంది, అర్జీ తిరస్కరించబడుతుంది, పదకొండింటికి టీ సేవించబడుతుంది. అలాంటి భాష విని చెవులకు ఎంత హాయిగా ఉంటుందో నాలాంటి వృత్తిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

పుష్యమాసంలో ఒకరోజు నా బల్ల దగ్గరికి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన దడాల జోగిరాజు, శ్రీ వీరభద్రా బ్యాండ్ మేళానికి మాస్టరు. ఆవిడ నూకరత్నం, మాస్టరుకు మాస్టరు.

"పంతులుగారండి, మా ఈధిలో ఉన్న టవరు ఊడబీకి పట్టుకుపోయారండి," అన్నాడు జోగిరాజు. "ఫోను పలకట్లేదు. పాలకేంద్రం గోడెక్కి నిలబడితే ఒక్క గీత ఒత్తాది. అస్తమానం గోడ మీద నిలబడలేను గదండి."

"నంబరు మార్చేసి కొత్త సిమ్ము తీసుకోవచ్చుగా?"

ఆ మాటకు నూకరత్నం నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఆ నంబరు డ్రమ్ము మీద రాయించి పంతొమ్మిదేళ్లయిందండి. చుట్టుపక్కల నలభై ఊళ్లలో పురోయితులు, పందిరి కట్టేవోళ్లు, వంటోళ్లు, అందరి దగ్గరా అదే ఉంది. ఇంకో ఇరవై రోజుల్లో మాఘమాసం. మూర్తాలు పెట్టుకున్నోళ్లు ఇప్పుడే కదండీ ఫోన్లు సేత్తారు. కలవకపోతే ఇంకో మేళానికి సేసేసుకుంటారు. ఎనిమిది మంది వాయిద్యగాళ్లు మమ్మల్ని నమ్ముకునున్నారు. ఈ సీజను పోతే వోళ్లందరూ తలో దారీ సూసుకుంటారు."

సంగతి అది. నంబరు అలాగే ఉండాలి, మాఘం వచ్చేలోగా మోగాలి. దరఖాస్తులో నేను అంతే రాశాను, కాస్త గౌరవప్రదంగా.

పరీక్ష రోజున సాయానికి నేనూ పైకి వెళ్లాను. పాత నెట్‌వర్కు తరఫున ఒకాయన టై కట్టుకుని, ప్రశ్నల కాగితం పట్టుకుని కూర్చున్నాడు. పక్కన పరబ్రహ్మం గారు. పరీక్ష జరుగుతుండగా బయటివారు మాట్లాడరాదని గోడ మీద రాసి ఉంది.

"మీది ఏ తరం?" అన్నాడు టై ఆయన.

"మూడో తరమండి. మా తాత మొదలెట్టాడు, తరవాత మా నాన్న, ఇప్పుడు నేను," అన్నాడు జోగిరాజు.

టై ఆయన తల ఎత్తకుండా 'మూడో తరం' అని రాసుకున్నాడు.

"మూడో తరం సేవలు ఉపసంహరించబడినవని తమరికి తెలియపరచబడలేదా?" అన్నారు పరబ్రహ్మం గారు.

"లేదండి. మొన్న మార్గశిరంలో కూడా వాయించాం."

"ప్రస్తుతం ఏ బ్యాండ్ మీద ఆధారపడి ఉన్నారు?" రెండో ప్రశ్న.

"ఇంకే బ్యాండండి, మా బ్యాండే. ఎనిమిది కుటుంబాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి."

టై ఆయన కలం ఆగిపోయింది. మొదటిసారి తలెత్తి చూశాడు. "సొంత బ్యాండా?"

"సొంతదేనండి. ఎవరి దగ్గరా అద్దెకు తీసుకోలేదు."

నేను నోరు తెరిచాను. పరబ్రహ్మం గారు గోడ వైపు చూపించారు. నోరు మూసుకున్నాను.

"దేశంలో బ్యాండ్లు వేలం ద్వారా మాత్రమే కేటాయించబడతాయి," అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "తమకు అనుమతి ఎవరి ద్వారా ఇవ్వబడింది?"

"పెళ్లికి పిలిత్తే ఎల్లడానికి అనుమతేంటండి? ఊరేగింపు మెయిన్ రోడ్డు మీంచి ఎల్తే మటుకు స్టేషన్లో సెప్తాం."

మూడో ప్రశ్న అడగలేదు. జోగిరాజు పరీక్ష తప్పలేదు, పాసూ కాలేదు. ఆయన దరఖాస్తు మీద ఎర్ర సిరాతో 'అనధికార బ్యాండ్' అని రాసి వేరే ఫైల్లో పెట్టారు.

నాలుగో రోజున నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా మూడు తరాలుగా బ్యాండ్ నడుపుతున్నట్టు తనంతట తాను ఒప్పుకున్నందున, సంజాయిషీ ఇవ్వమని దాని తాత్పర్యం. నూకరత్నం ఆ నోటీసు పట్టుకుని, ఎనిమిది మంది వాయిద్యగాళ్లను ఎర్ర కోట్లు, బంగారు రంగు కుచ్చుల భుజకీర్తులు వేయించి, డ్రమ్ములతో సహా రెండో అంతస్తుకు ఎక్కించింది. చూస్తేనైనా అర్థమవుతుందని ఆవిడ ఆశ. నాకూ ఆశే.

పరబ్రహ్మం గారు బయటికి వచ్చి వాళ్లందరినీ తీరిగ్గా చూశారు. క్లారినెట్ వాయించే తిరుపతిని తలపాగా నుంచి చెప్పుల దాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అయ్యా, వీరిది వాయిద్యాల బ్యాండు," అన్నాను. "ఫోన్ల బ్యాండు వేరు, ఇది వేరు. మాట ఒకటే, వస్తువు ఒకటి కాదు."

"ఫైల్లో బ్యాండ్ అని ఉన్నది," అన్నారాయన. "ఎదుట బ్యాండ్ ఉన్నది. ఇందులో వైరుధ్యం ఎక్కడ గమనించబడింది?"

ఆయనకు విషయం అర్థం కాలేదని మీరు అనుకుంటే పొరపాటు. బాగానే అర్థమైంది. కాని తప్పయిపోయిందని ఒప్పుకోవడానికి ఆ ఆఫీసులో ఫారం లేదు. అనధికార బ్యాండ్ల క్రమబద్ధీకరణకు మాత్రం ఉంది. ఎనిమిది పేజీలు. ఊరవతల అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించినట్టే దీన్నీ చేసేస్తామని ఆయన దయతో సెలవిచ్చారు.

ఆ ఫారం నేనే నింపాను. జోగిరాజు చెప్పింది చెప్పినట్టు రాశాను. అబద్ధం ఒక్కటి లేదు.

"పౌనఃపున్యం ఎంత?" అని చదివాను. అంటే ఎంత సమయంలో ఎన్నిసార్లు అని చెప్పాను.

"మాఘంలో రోజుకి రెండు, వైశాఖంలో మూడు కూడా పడతాయండి. ఆషాఢంలో ఉండవు. మూఢమొత్తే సున్నా." రాశాను. మూఢం ఎదురుగా పరబ్రహ్మం గారు 'ఆవర్తక సాంకేతిక అంతరాయం' అని దిద్దారు.

"కవరేజి?"

"రేవుకి ఇవతల అన్ని ఊళ్లూనండి. అవతల వేరే మేళం వోళ్లుంటారు. వోళ్ల జోలికి మేం ఎల్లం, మా జోలికి వోళ్లు రారు."

"మాట మధ్యలో తెగిపోవడం?"

"మొదలెట్టిన పాట మధ్యలో ఆపడం మా వంశంలో లేదండి."

ఆ జవాబు కింద పరబ్రహ్మం గారు గీత గీశారు. ఏ నెట్‌వర్కూ ఇంతవరకూ ఆ గడిలో సున్నా వేయలేదట. తనిఖీ కూడా ఆయన చేతే చేయబడింది, ఒక మీటరుతో. మేళం వాళ్లు వాయిస్తుంటే ఊరి చివర చెరుకు రసం బండి దగ్గర నిలబడి విన్నారు. మీటరు ఏమీ చూపించలేదు. "వినబడుతున్నది," అని రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. శ్రీ వీరభద్రా బ్యాండ్ జిల్లాలో అయిదో నెట్‌వర్కుగా నమోదైంది. జోగిరాజు దాన్ని నా చేతికిచ్చి మురిసిపోతూ నిలబడ్డాడు. నేను రెండో పేజీ తిప్పాను. నెట్‌వర్కు నిర్వాహకుడు తన నెట్‌వర్కునే వాడవలెను కాబట్టి, ఆయన నంబరు పాత నెట్‌వర్కు నుంచి తీసివేసి ఆయన సొంత నెట్‌వర్కుకు బదిలీ చేశారట.

జోగిరాజు జేబులోంచి ఫోను తీశాడు. తెర మీద పైన ఓ మూల 'శ్రీ వీరభద్రా' అని ముద్దుగా కనబడుతోంది. గీతలు మాత్రం ఒక్కటీ లేవు.

"గోడెక్కితే ఒత్తాదేమో," అన్నాడు.

"ఏ గోడెక్కినా రాదు," అన్నది నూకరత్నం. "టవరెక్కడుందయ్యా మనకి? నువ్వే టవరు."

అప్పటికి మాఘానికి పది రోజులే ఉంది. ఉన్న ఒక్క గీతా పోయింది. ఆ రోజు జోగిరాజు ముఖం చూసి నాకు చాలా బాధేసింది. ఆ ఫారం అంత అందంగా నింపింది నేనే. కాస్త వంకరగా నింపి ఉంటే తిరస్కరించేవారు, ఆ గోడా గీతా అయినా మిగిలేవి.

"పంతులుగారండి," అన్నది నూకరత్నం. "మా నెట్‌వర్కు వదిలేసి ఇంకోదానికి పోవాలంటే ఎవరు పరీక్ష పెట్టాలండి?"

"వదిలి వెళ్తున్న నెట్‌వర్కే పెట్టాలి."

"అంటే మా ఆయనే కదండి?"

నేను నియమావళి తీసి మూడుసార్లు చదివాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ సాయంత్రమే కొత్త దరఖాస్తు పెట్టించాను. మొత్తానికి గట్టెక్కామని నేను జిలేబీ కూడా తెప్పించాను.

పరబ్రహ్మం గారికి ఇందులో ఏ అభ్యంతరమూ కనబడలేదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించారు. దిండు ఉన్నది పరీక్షాధికారిది, లేనిది అభ్యర్థిది. ప్రశ్న అడిగేటప్పుడు దిండు కుర్చీలో, జవాబు చెప్పేటప్పుడు రెండోదానిలో కూర్చోవాలని ఆదేశించబడింది. జోగిరాజు కోటు వేసుకుని వచ్చాడు. మేం గుమ్మం దగ్గర నిలబడ్డాం.

దిండు కుర్చీలో కూర్చుని జోగిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఈ బ్యాండు ఎవరు మొదలెట్టారు?" లేచి ఇటు వచ్చి కూర్చున్నాడు. "మా తాతగారండి." మళ్లీ అటు వెళ్లాడు. "రైటే," అన్నాడు. పరబ్రహ్మం గారు ఒక మార్కు వేసుకున్నారు.

"పెళ్లికూతుర్ని తీసుకొచ్చేటప్పుడు ఏ వాయిద్యం ముందు ఎత్తుకోవాలి?" ఇటు వచ్చాడు. "క్లార్నెట్టండి." అటు వెళ్లాడు. "రైటే."

మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆలోచించాడు. సులువైనదే ఎంచుకున్నాడు పాపం. "ఈ నెట్‌వర్కులో ఎంతమంది ఉన్నారు?" ఇటు వచ్చి కూర్చుని, నవ్వుతూ చెప్పాడు. "ఎనిమిది మందండి."

గుమ్మం దగ్గర నూకరత్నం కదిలింది. చెప్పాలా వద్దా అని నా వైపు చూసింది. అప్పటికే జోగిరాజు ఆమె ముఖం చూసేశాడు.

"ఏంటి?" అన్నాడు.

"తిరుపతి రేవవతల మేళంలోకి ఎల్లిపోయాడయ్యా. పొద్దున్న ఆడి సెల్లెలొచ్చి కోటు ఇచ్చేసెల్లింది. పరీక్ష అయ్యాక సెప్దామని ఊరుకున్నాను."

తిరుపతి జోగిరాజు దగ్గర పదమూడేళ్లుగా ఉన్నాడు. క్లారినెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. జోగిరాజు మెల్లగా లేచి, నాలుగడుగులు వేసి, దిండు కుర్చీలో కూర్చున్నాడు.

"అభ్యర్థి ఎనిమిది అని చెప్పియున్నాడు," అన్నారు పరబ్రహ్మం గారు. "పరీక్షాధికారి అభిప్రాయం?"

నేను వద్దన్నట్టు చేతులూపాను. నూకరత్నం కళ్లతోనే బతిమాలింది. ఒక్క మాట 'రైటే' అంటే చాలు.

"తప్పండి," అన్నాడు జోగిరాజు. "ఏడుగురే. తన బ్యాండులో ఎంతమందున్నారో తెలీనోడికి అవగాహన ఉందని ఎలా అంటామండి? ఫెయిలు."

ముప్పై రోజులు. ముగ్గురం మెట్లు దిగాం. నాకు ఆయన మీద కోపం వచ్చింది, గౌరవమూ కలిగింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక జిరాక్సు షాపు వాడి మీద విసుక్కున్నాను.

పరబ్రహ్మం గారు మాత్రం ఆ రోజు టీ కూడా సేవించకుండా పైవాళ్లకు నివేదిక రాశారు. తన చందాదారు తానే అయి ఉండి కూడా, నిర్దాక్షిణ్యంగా ఫెయిల్ చేసిన నెట్‌వర్కు దేశంలో మరొకటి లేదనీ, ఇంతటి నిష్పాక్షికత మిగతా నెట్‌వర్కులలో గమనించబడలేదనీ అందులో రాశారు. పదకొండో రోజున జవాబు వచ్చింది. అంత త్వరగా జవాబు రావడం నా వృత్తి జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఇకమీదట జిల్లాలో ఏ నెట్‌వర్కును వదిలేవారికైనా పరీక్ష పెట్టే బాధ్యత శ్రీ వీరభద్రా బ్యాండ్‌కే అప్పగించడమైనది.

పదకొండు వందల మందికీ కబురు వెళ్లింది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే లైను మెట్లు దిగి, నా గొడుగు చుట్టూ తిరిగి, గేటు దాటింది. దిండు కుర్చీలో జోగిరాజు కోటు వేసుకుని కూర్చున్నాడు. మొదట ఒక ముసలావిడ వచ్చింది, కూరగాయలమ్ముకునే మనిషి. నాలుగుసార్లు తప్పిందట.

"నెట్‌వర్కు ఎందుకు మారతన్నావమ్మా?" అన్నాడు జోగిరాజు.

"సిగ్నలు లేదు నాయనా."

"అవగాహన ఉందండి. పాసు."

"మిగిలిన రెండు ప్రశ్నలు?" అన్నారు పరబ్రహ్మం గారు.

"ఆవిడకి తెలవాల్సింది ఆవిడకి తెలుసండి. ఇంకా ఏం అడగమంటారు?"

నియమావళిలో ఎన్ని ప్రశ్నలు అడగాలో ఉంది గాని, అన్నీ వేరువేరుగా ఉండాలని లేదు. ఆ సంగతి నేనే చూపించాను. దాంతో జోగిరాజు ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. ప్రతి ఒక్కరూ మూడుసార్లూ సిగ్నలు లేదనే చెప్పారు. మధ్యాహ్నానికి అయిదు వందల మంది అవగాహనపరులయ్యారు. ఎనిమిది నెలలుగా తమకు బుర్ర లేదని కుంగిపోయినవాళ్లు ధ్రువపత్రాలు గాల్లో ఊపుకుంటూ మెట్లు దిగారు.

నూకరత్నం గుమ్మం పక్కన స్టూలు మీద నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంది. పాసై బయటికొచ్చే ప్రతి మనిషినీ ఒకటే అడిగింది. "మీ ఇంట్లో గాని, మీ సుట్టాల్లో గాని ఈ మాఘంలో పెళ్లేమన్నా ఉందాండి?" పదకొండు వందల మంది వచ్చే చోట పెళ్లి లేని ఇల్లు ఎన్నుంటాయి? పైగా పాసు చేసిన మాస్టరుదే మేళమాయె. సాయంత్రానికి మాఘమంతా నిండి ఫాల్గుణంలోకి వెళ్లింది. ఆ ఫోను జన్మలో మోసినన్ని కబుర్లు ఒక్క గుమ్మం దగ్గరే వచ్చేశాయి.

ఆవిడ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి నాతో అన్నది. "ఒప్పేసుకున్నాను గానండి, క్లార్నెట్టు లేకుండా ఈ పెళ్లిళ్లన్నీ ఎలాగండి? పెళ్లికూతుర్ని తెచ్చేటప్పుడు డ్రమ్ము కొడతామా? ఇప్పటికిప్పుడు ఎవడొత్తాడు, ఒచ్చినోడికి మా పాటలేం తెలుసు?"

రెండో రోజు మధ్యాహ్నానికి లైను పలచబడింది. అప్పటికి ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదు. పరబ్రహ్మం గారు కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నారు. నూటికి నూరు పాసైతే పైవాళ్లు అనుమానిస్తారని ఆయన బెంగ. "ఒక్కరైనా అనుత్తీర్ణులుగా ప్రకటించబడితే నివేదికకు గౌరవంగా ఉంటుంది," అని రెండుసార్లు జోగిరాజు చెవిలో చెప్పారు.

అభ్యర్థి కుర్చీలోకి తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాడు. తల వంచుకుని ఉన్నాడు. తిరుపతి.

గుమ్మం దగ్గర నూకరత్నం లేచి నిలబడింది. జోగిరాజు కాగితాలు సర్దుకుని, ఎవరో తెలియని మనిషిని అడిగినట్టే అడిగాడు.

"నెట్‌వర్కు ఎందుకు మారుతున్నావు?"

"సిగ్నలు సరిగా లేదండి," అన్నాడు తిరుపతి. "పాపకి జొరమొచ్చి ఆస్పత్రిలో పడ్డాం. సీజను ఉంటాదో లేదో తెలీదు. మా మాస్టరుగారికి పోను సేసి ఏం సెయ్యమంటారని అడుగుదామనుకున్నానండి. నాలుగు రోజుల్లో ఇరవై సార్లు సేశాను. ఒక్కసారీ కలవలేదు. రేవవతలోళ్లు ఇంటికొచ్చి అడిగితే ఒప్పేసుకున్నాను. సెప్పకుండా ఎల్లిపోయానని ఆయన అనుకుంటారు. ఆయనకి ముఖం సూపించలేక కోటు సెల్లెలితో పంపాను. అంతా నా నెట్‌వర్కు వల్లేనండి. అందుకే దాన్ని మార్చేత్తన్నాను."

"పాపకి ఎలా ఉంది?"

"తగ్గిందండి."

జోగిరాజు మరి రెండు ప్రశ్నలు అడగలేదు. ధ్రువపత్రాల కట్ట పక్కకు జరిపి, ఎవరూ ముట్టుకోని రెండో కట్టలోంచి ఒక కాగితం తీశాడు.

"ఫెయిలు," అన్నాడు.

తిరుపతి తలెత్తాడు.

"నీ నెట్‌వర్కులో ఏ లోపమూ లేదురా. ఇరవై సార్లూ బాగానే పనిసేసింది. లేంది నా దగ్గర. తప్పెక్కడుందో తెలీకుండా ఉన్నదాన్ని ఒదిలేసి ఇంకోదాంట్లోకి దూకేత్తే దాన్ని అవగాహన అంటారా? ముప్పై రోజులు ఎక్కడికీ కదలకూడదు. ఇదే రూలు."

పరబ్రహ్మం గారు ఎనిమిది నెలల్లో మొదటిసారి తనంతట తానే ఒక పని చేశారు. లేచి ఆ కాగితం మీద తన చేత్తో ముద్ర కొట్టారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

తిరుపతి ఫెయిలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"మాస్టరుగారండి, రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

"ఆరింటికి. కోటు మీ వదిన దగ్గరుంది."

"మరి మన నంబరు ఎప్పుడొత్తాదండి?"

"నా పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులుంది," అన్నాడు జోగిరాజు. "మొన్న ఎనిమిదని సెప్పి తప్పాను. ఈసారీ ఎనిమిదే సెప్తాను."